గేజి ముల్లూ, వేణ్ణీళ్ళ బకెట్టూ

ఈ మధ్య కట్టే ఫ్లాట్లలో బాత్రూముకి ఏవేవో హంగులు పెడుతున్నారు గానీ బకెట్ పెట్టుకోవడానికి మాత్రం చోటు ఉంచడం లేదు. మస్కట్‌లో మేం కొత్తగా చేరిన ఇంట్లో గాజు తలుపుంది, నిలువెత్తు అద్దముంది, నెత్తిమీద అన్నం పళ్ళెమంత షవరుంది. బకెట్ లోపల పెడితే తలుపు పడదు, తలుపు వేద్దామంటే బకెట్ బయటికి రావాలి. "షవర్ కింద నిలబడితే నీళ్ళు వాటంతటవే పడతాయండీ, లోకమంతా అలాగే చేస్తోంది" అంటుంది మా ఆవిడ. పడతాయి, కాదనను. కానీ నా దృష్టిలో వేణ్ణీళ్ళ స్నానమంటే పొగలు కక్కే బకెట్ ముందు పీట వేసుకుని కూర్చోవడం, వేలు ముంచి "అబ్బో" అనుకోవడం, కాస్త చన్నీళ్ళు కలుపుకోవడం, ఆ తర్వాత మొదటి చెంబు భుజం మీంచి పోసుకోవడం. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా అది తడవడమే అవుతుంది, స్నానం కాదు. (ఈ అభిప్రాయం ఒకప్పుడు నా ఉద్యోగాన్ని దాదాపు ఊడగొట్టింది. అయినా మార్చుకోలేదు.)

ఆ రోజుల్లో నాకేదైనా అర్థం కాకపోతే దానికొక సిద్ధాంతం తయారుచేసుకునేవాణ్ణి. పక్కవాణ్ణి అడిగితే సరిపోతుందన్న సంగతి ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో ఎవరూ చెప్పలేదు. డిగ్రీ చేతికొచ్చిన ఏడాదికి మా పెదనాన్నగారి తోడల్లుడి తమ్ముడు, అంటే వరసకి నాకు బాబాయి, ఒమాన్‌లో తాను మేనేజరుగా ఉన్న కంపెనీలో నన్ను వేయించాడు. ఇంట్లో బాబాయ్, ఆఫీసులో సార్. కంపెనీ మస్కట్ శివార్లలోని ఘాలాలో; చుట్టూ గ్యారేజీలూ గోడౌన్లూ. పని ఏసీలది. ఆ దేశంలో గాలిని చల్లబరిచేవాడికి ఎప్పుడూ పనే కాబట్టి నా భవిష్యత్తు గురించి ఎవరికీ బెంగలేదు. అలాంటిచోట ఒకరోజు బాబాయి నన్ను క్యాబిన్‌లోకి పిలిచి, "ఒరేయ్, నీకు బాయిలర్లు తెలుసుగా?" అన్నాడు. తెలుసన్నాను. తెనాలి దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లుకి కాలేజీ వాళ్ళు మమ్మల్ని తీసుకెళ్ళినప్పుడు అక్కడి బాయిలరు ముందు నిలబడి ఫోటో దిగిన మాట వాస్తవం. ఆ వాస్తవాన్ని నా బయోడేటాలో కొంచెం విస్తరించి రాశాను.

సంగతేమిటంటే, జబల్ అఖ్దర్ కొండమీద ఒక ఒమానీ పెద్దమనిషి చిన్న గెస్ట్‌హౌస్ కట్టించాడు. ఒమాన్ అంటే ఎండ అనుకునేవాళ్ళు ఆ కొండ ఎక్కలేదన్నమాట. చలికాలం పొద్దున్నే అక్కడ కుళాయి తిప్పితే నీళ్ళు కొంచెం ఆలోచించుకుని గానీ రావు. అందుకని గదులకి వేణ్ణీళ్ళతో వెచ్చదనం ఇచ్చే ఏర్పాటు కావాలన్నాడు. కింద గదిలో బాయిలరు నీళ్ళు కాస్తుంది, పంపు వాటిని గొట్టాల్లోకి తోస్తుంది, ప్రతి గదిలో గోడకి తగిలించిన రేడియేటర్లలోంచి అవి తిరిగి, వేడంతా అక్కడ వదిలి, మళ్ళీ బాయిలరుకే వస్తాయి. ఎప్పుడూ అవే నీళ్ళు. కొత్తవి రావు, పాతవి పోవు. ఈ "కొత్తవి రావు, పాతవి పోవు" అన్నదాన్నే ఇంగ్లీషు పుస్తకంలో ఒక అధ్యాయంగా రాశారు. నేను దాన్ని మూడుసార్లు చదివి వెళ్ళాను. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ, "మస్కట్లో చలేమిట్రా, ఎవరితో చెప్పకు, నవ్వుతారు" అంది.

"ప్రొబేషన్లో ఉన్నావు, గుర్తుందిగా," అన్నాడు బాబాయి, నేను పికప్ ఎక్కేముందు. "ఇది బాగా చేస్తే నిన్ను పర్మనెంట్ చేయమని నేనే రాస్తాను. తేడా చేశావో, ఊరికి పంపించమని రాసేది కూడా నేనే. ఆ తర్వాత మీ పెదనాన్నకి నా మొహం చూపించలేను. అది నాకు ఇంకా కష్టం."

కొండమీద మేం ఆరుగురం. ఫోర్‌మన్‌ని అందరూ కాక అనేవాళ్ళు. జగిత్యాల వైపు మనిషి, గల్ఫ్‌లో తల నెరిసింది. వెల్డింగ్ చేసేది కడప భాయి. మిగతా ముగ్గురూ కాక ఊరివాళ్ళే. కాక ఏమంటే అదే వాళ్ళ మాట. ఇక ఆరోవాణ్ణి నేను, ఇంజనీరు సారుని. బాయిలరుని లారీలోంచి దింపి, చెక్క దిమ్మల మీద దొర్లించి, గుమ్మం కన్నా అదే వెడల్పని తెలిశాక గుమ్మం ఊడదీసి లోపల పెట్టాం. (గుమ్మం కొలవడం నా పనే.) పొగగొట్టం పైకి లేపాం, గ్యాస్ లైను ఇచ్చాం, పంపు బిగించాం, వేడెక్కినప్పుడు ఉబ్బే నీళ్ళకి చోటిచ్చే ఎర్ర డబ్బా పెట్టాం. గొట్టాలన్నీ భాయి అతికాడు. అన్నీ నింపి, గాలి తీసి, మొదటిసారి బాయిలరు ముట్టించిన సాయంత్రం రేడియేటర్లు ఒక్కొక్కటే వేడెక్కుతుంటే కాక ఒకదాని మీద అరచెయ్యి పెట్టి, "ఇగ బతుకుతం సారూ" అన్నాడు. గొట్టాల్లో నీళ్ళ ఒత్తిడి చూపించే గేజిలో ముల్లు నేను పెట్టిన చోట నిక్కచ్చిగా నిలబడింది. నేను దానికి ఫోటో తీశాను.

మర్నాడు పొద్దున్నే నా గది తలుపు ముందు ఒక బకెట్. నిండా వేణ్ణీళ్ళు, పైన తువ్వాలు కప్పి. "సారూ, నీళ్ళు పెట్టిన. జల్ది రాండ్రి, సల్లారుతయ్" అని కాక కేక. నేను ఆ కొండెక్కినప్పటినుంచీ తడి గుడ్డతో ఒళ్ళు తుడుచుకుని దాన్నే స్నానమని పిలుస్తున్నాను. గదుల్లో గీజర్లకి వైరింగు ఇంకా పూర్తికాలేదు, మాకున్న ఒక్క గ్యాస్ పొయ్యి వంటకే చాలీచాలక. అలాంటి స్థితిలో ఆ బకెట్‌ని చూసి నాకు కళ్ళు చెమర్చాయంటే అందులో కొంత ఆవిరి ఉంటే ఉండొచ్చు. ఆ నీళ్ళు ఎక్కడివని అడగలేదు. ఎక్కడో కట్టెలు దొరికుంటాయి, కాసుంటాడు అనుకున్నాను. నీళ్ళకి కొంచెం ఇనుప వాసన ఉంది. కొండ నీళ్ళు కదా, ఖనిజాలుంటాయి, ఒంటికి మంచివి అని అమ్మకి ఫోన్‌లో వివరించాను కూడా.

స్నానం చేసి, ఉప్మా తిని, దువ్వుకున్న తలతో బాయిలర్ రూమ్‌లోకి వెళ్ళి చూస్తే గేజిలో ముల్లు కిందికి దిగిపోయి ఉంది. రేడియేటర్లు కడుపులో గాలి చేరినట్టు గుడగుడమంటున్నాయి. నీళ్ళు నింపి ముల్లుని మళ్ళీ యథాస్థానంలో పెట్టి, గాలి తీశాను. సాయంత్రం వరకూ కదల్లేదు. మర్నాడు పొద్దున మళ్ళీ దిగింది. అంటే ఎక్కడో లీకు.

లీకంటే మొదటి అనుమానం వెల్డింగు మీదికే పోతుంది. భాయితో ఆ మాట ఎంత మెత్తగా అనాలో అంత మెత్తగా అన్నాను. ఆయన చేతిలో రాడ్ కింద పెట్టి, "సార్, నేను ఈ పని ఎన్నేండ్లుగా చేస్తాండానో నాకే లెక్క లేదు. నా జాయింట్ యాడ కారతాందో సూపియ్యండి. సూపిస్తే ఇప్పుడే పెట్టె సర్దుకుంటా" అన్నాడు. చూపించడానికి నేను చాలా కష్టపడ్డాను. కాక బట్టలుతికే సబ్బుని నీళ్ళలో కలిపి నురగ చేసి ప్రతి అతుకుకీ బ్రష్‌తో పూయించాను. ఒక్క బుడగ లేవలేదు. ప్రతి రేడియేటర్ కిందా పాత పేపర్లు పరిపించి, ఎక్కడైనా చుక్క మచ్చ పడుతుందేమోనని మోకాళ్ళ మీద గదిగదికీ తిరిగాను. భాయి నా వెనకాలే చేతులు కట్టుకుని తిరుగుతూ, "దొరికిందా సార్? ఏం, దొరకల్యా? బాగా సూడండి, పక్కన గూడ సూడండి" అని చాలా మర్యాదగా ప్రోత్సహించేవాడు. ఒక్క బాయిలర్ రూమ్‌లో మాత్రం పేపర్లు పరవలేదు. ఎందుకంటే అక్కడ నేల రోజూ పొద్దున్నే నీటుగా కడిగి తుడిచి ఉండేది. ఈ శుభ్రతకి కాకని అందరి ముందూ మెచ్చుకున్నాను. "పనిచేసే జాగ సాఫ్ ఉండాలె గద సారూ" అన్నాడు ఆయన.

అంతవరకూ అది మామూలు లీకే. కానీ ఆ తర్వాత అది నన్ను వ్యక్తిగతంగా ఎగతాళి చేయడం మొదలుపెట్టింది. శుక్రవారం మాకు సెలవు. ఆ రోజు ముల్లు మామూలు కన్నా బాగా దిగేది. ఈ సంగతి బాబాయికి ఫోన్‌లో చెప్పాను. "శుక్రవారం లోకమంతా సెలవు పెడితే నీ లీకు ఓవర్‌టైమ్ చేస్తోందా?" అన్నాడు. ఇంకో రోజు పొద్దున వెళ్ళి చూస్తే ముల్లు దిగలేదు సరికదా, నేను పెట్టినదానికన్నా పైకెక్కి కూర్చుంది. లీకైన చోటినుంచి నీళ్ళు బయటికి పోవడం నాకు తెలుసు. బయటినుంచి లోపలికి రావడం ఏ అధ్యాయంలోనూ లేదు. అప్పుడే నా సిద్ధాంతం పుట్టింది: ఎత్తైన ప్రదేశం కనక గాలి పీడనం తెల్లవారుజామున మారుతుందనీ, కొండగాలి దిశని బట్టి గేజి ఊగుతుందనీ. దానికి రెండు పేజీలు రాసి, ఒక బొమ్మ వేసి బాబాయికి పంపాను. "అయితే కొండని పడగొట్టించమంటావా?" అని జవాబొచ్చింది. (ఆ బొమ్మ ఇప్పటికీ బాగుందనే అనుకుంటాను. బాణం గుర్తులు శ్రద్ధగా వేశాను.)

ఈలోగా గెస్ట్‌హౌస్ యజమాని స్వయంగా వచ్చాడు. అర్బాబ్ అనేవాళ్ళం ఆయన్ని. దిష్‌దాషా అనే తెల్లటి పొడుగు అంగీ మీద ఉన్ని శాలువా, చేతిలో కర్ర. రిటైరవ్వక ముందు చమురు కంపెనీలో పనిచేశాడట, అందుకని గేజి ముందు నిలబడే పద్ధతిలోనే మనిషికి పని తెలుసని తెలిసిపోయింది. హిందీలో మాట్లాడతాడు. (ఆయన మాటల్ని తెలుగులోకి దించి చెబుతున్నాను.) నా సిద్ధాంతం మొత్తం ఓపిగ్గా విన్నాడు. ఆ తర్వాత జేబులోంచి మార్కర్ పెన్ను తీసి, గేజి అద్దం మీద ముల్లు ఉండాల్సిన చోట ఒక గీత గీశాడు. "గాలి సంగతి నాకు తెలీదు. మూడు పొద్దులు ముల్లు ఈ గీత మీద ఉండాలి. మూడో పొద్దున నేనొస్తాను. ఉంటే సంతకం. లేకపోతే మీ సామాన్లు మీరు తీసుకెళ్ళండి. ఆ వారమే నాకు అతిథులు వస్తున్నారు" అన్నాడు. బాబాయికి ఈ కబురు నా కన్నా ముందే చేరింది. "మూడో పొద్దున గీత మీద లేకపోతే నువ్వు ఘాలాకి రావద్దు. తిన్నగా ఎయిర్‌పోర్టుకే టికెట్ పంపిస్తాను" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

ఆ మధ్యాహ్నమే పికప్‌లో మందు డబ్బా వచ్చింది. గొట్టాలు లోపల తుప్పు పట్టకుండా ఈ వ్యవస్థల్లో నీళ్ళలో ఒక మందు కలుపుతారు. ఘాలా స్టోర్‌లో అది లేక ఇన్నాళ్ళూ ఆలస్యమైంది. డబ్బా మీద ఒక చెయ్యి బొమ్మ, దాని మీద ఎర్ర రంగులో ఇంటూ గుర్తు. ముట్టుకోకూడదన్నమాట. గ్లవుజులు వేసుకుని దీన్ని లైన్లో పోయించు అని కాకకి చెప్పాను. కాక డబ్బాని అటూ ఇటూ తిప్పి ఆ బొమ్మని చూశాడు. గ్లవుజులు వేసుకోలేదు. నన్ను చూశాడు.

"సారూ, గిది పోస్తే మల్ల రేపు పొద్దుగాల తానానికెట్ల?"

"దేని స్నానం?"

"మనదే సారూ. మీది, నాది, అందరిది. గీ మందు నీళ్ళతోని తానం చేస్తె తోలూడిపోదా?"

నేను చాలా నెమ్మదిగా, కింద కూర్చోవడానికి ఏదైనా ఉందేమో చూసుకుంటూ, "కాకా, రోజూ పొద్దున నాకు పెట్టే నీళ్ళు ఎక్కడివి?" అని అడిగాను. ఈ ప్రశ్న మొదటిరోజే అడిగి ఉంటే ఈ జ్ఞాపకం ఇంతకు ముందే ముగిసేది.

"ఇంకెక్కడియి? గిందులవే" అని కాక బాయిలర్ కింద ఉన్న ఖాళీ చేసే కుళాయిని కాలితో చూపించాడు. "గా మూలకున్నది తిప్పితె మస్తు పొగలొస్తయ్. మరి నీళ్ళుంటే తానం చెయ్యకుంట ఉంటమా సారూ? తానం చెయ్యంది నేను దేవునికి అగర్బత్తి ముట్టియ్య, పని ముట్ట."

నా మొహం చూసి ఆయనకేదో అనుమానం వచ్చింది. నేను వాళ్ళ నిజాయితీని శంకిస్తున్నానేమోనని.

"ఉత్తగ తోడుతలేం సారూ! బకెట్ తోడితె బకెట్ పోస్తున్నం. మా ఇంట్ల రాగి బాయిలర్ ఉండె. పైన చెంబెడు సల్లటియి పోస్తే కింద చెంబెడు ఉడుకువి వచ్చు. పొయ్యకుంట తోడితె మా అమ్మ చెవ్వు పిండుతుండె, బాయిలర్ మాడిపోతదని. గది తెల్వదా నాకు? ఆరు బకెట్లు తోడుతం, గా బయటి నల్ల కింద ఆరు బకెట్లు నిండేటంత సేపు గీ నింపే వాల్వు తెరుస్తం. అటెన్క బందు చేస్తం. నేల తుడుస్తం. మీరే మంచిగున్నదంటిరి."

అవును. మా తెనాలి ఇంట్లోనూ పెరట్లో అలాంటి రాగి బాయిలరే ఉండేది. పోస్తేగానీ రావు. నేను కూడా చిన్నప్పుడు పోసి, పట్టుకున్నవాణ్ణే. కాకపోతే బయటి నల్లంత ధారగా ఈ వాల్వులోంచి నీళ్ళు రావు కనక, రోజూ తోడినదానికన్నా కాస్త తక్కువే లోపలికి పోయేవి. "కొత్తవి రావు, పాతవి పోవు" అన్న సంగతి మూడుసార్లు చదివిన నేను, అది ఇంకెవరికైనా చెప్పాలని అనుకోలేదు.

"మరి శుక్రవారం?" అన్నాను నీరసంగా.

"శుక్కురారం నెత్తికి పోసుకుంటం గద. మీకు గూడ రెండు బకెట్లు పెడితి."

"మరి ఇంకో రోజు ముల్లు పైకెక్కింది కదా, అదెలా?"

కాక కాస్త ఆలోచించాడు. "గా దినం భాయికి జ్వరమచ్చె. ఆయన తానం చెయ్యలే. పోసుడు మాత్రం లెక్క ప్రకారం పోసిన."

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న భాయి లోపలికొచ్చాడు. ఇన్నాళ్ళూ ఆయన అతుకుల్ని సబ్బు నురగతో అవమానించినవాణ్ణి నేను. ఆయన ఏమైనా అంటే పడటానికి సిద్ధంగా ఉన్నాను. "అయితే సార్," అన్నాడు తాపీగా, "లీకు రోజూ పొద్దున్నే స్నానం జేసి, తల దువ్వుకోని, ఉప్మా తిని, లీకుని ఎతకను వస్తాండె అంతేనా?" కాకతో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారి లేదు.

సాయంత్రం మందు కలిపేశాం. కుళాయికి ఇనప తీగ చుట్టి బిగించాను. బాబాయికి ఫోన్ చేసి లీకు దొరికిందని చెప్పాను. "ఎక్కడ?" "కింద డ్రెయిన్ కుళాయి దగ్గర సార్." "ఏం చేశావ్?" "మనుషులతో మాట్లాడి ఆపించాను సార్." ఇందులో అబద్ధమేమీ లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఇక ఆ మూడు పొద్దులూ ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే జరగాల్సింది జరగకపోవడమే అందులోని విశేషం. పొయ్యి మీద ఒక కెటిల్ కాస్తే అది భాయి నమాజు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికీ, మిగతావాళ్ళు మొహాలు తుడుచుకోవడానికీ సరిపోయేది. కాక ఊరి కుర్రాడొకడు ట్యాంకు నీళ్ళతో స్నానం చేయబోయాడు. మొదటి చెంబుకి అతను వేసిన కేకకి పక్క దానిమ్మ తోటలో మేకలు చెదిరిపోయాయి, రెండో చెంబు పోసుకోలేదు. కాక తన ఆంజనేయుడి పటాన్ని ముట్టుకోకుండా, గది అవతల గుమ్మం దగ్గరే నిలబడి, "సారు ఆర్డరు, తప్పు నాది కాదు" అని అంజన్నకి వివరించుకునేవాడు. నాకు తలుపు ముందు బకెట్ రాలేదు. అయినా పొద్దున్నే తలుపు తీసి కిందికి చూసేవాణ్ణి. అవే స్వెట్టర్లు, అవే మంకీ టోపీలు, పగలంతా వేడి పోకుండా గొట్టాలకి దూది చుట్టే పని. మొదటి పొద్దున ముల్లు గీత మీద ఉంది. రెండో పొద్దున గీత మీదే ఉంది. మేం ఒకరికొకరం కాస్త ఎడంగా నిలబడి దాన్ని చూసుకున్నాం.

మూడో పొద్దున అర్బాబ్ వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని, వంగి, ముల్లుని చూశాడు. వేలితో గేజిని టకటకా కొట్టాడు. ముల్లు కదల్లేదు. తలూపి, గదుల్లో వేడి చూస్తానన్నాడు. అన్నిటికన్నా పెద్ద గదిలోకి తీసుకెళ్ళాం. కిటికీలన్నీ మూసి, రేడియేటర్లు ముందునుంచీ పూర్తిగా తిప్పి ఉంచాను, వేడి బాగా తెలియాలని. తెలిసింది. ఆరుగురం గోడవారగా వరసలో నిలబడ్డాం. ఆ వరసలో చివర, పాలిపోయిన మొహంతో, జుట్టు తుప్పలా లేచి, మెడలో టై కట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు జాలేస్తుంది. వాడి ఉద్యోగం, వాళ్ళ బాబాయి పరువు, వాళ్ళ పెదనాన్న మాట అన్నీ ఆ ముల్లు చివరే వేళ్ళాడుతున్నాయని వాడు నిజంగా నమ్మాడు. ఇవాళ ఆ ఉద్యోగంలోనే ఉండి ఇంతకన్నా పెద్ద గేజిలు చూస్తున్నాను గానీ, దేన్నీ అంత ప్రేమగా చూసిన గుర్తులేదు.

అర్బాబ్ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి ఉంచాడు. మొహం విప్పారింది. కాగితం అందుకుని, అక్కడే కిటికీ గట్టు మీద పెట్టి సంతకం చేశాడు. కాక గట్టిగా ఊపిరి వదిలాడు. కాగితం నాకివ్వడానికి దగ్గరికొచ్చిన అర్బాబ్ ఉన్నట్టుండి ఆగాడు. శాలువా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా మా ఆరుగురినీ వరసగా చూశాడు.

"బాయిలర్ బాగుంది. ఇంత వేడినీళ్ళు చేతిలో పెట్టుకుని, మీరెవరూ స్నానం చెయ్యరా?"